పత్తికీ బట్టకీ నడుమ పెద్దకడుబూరు

ఉద్యోగమా... సొంత పనా? చదువైపోయిన పిల్లలున్న ఇళ్లలో రాత్రి భోజనాల దగ్గర నలిగే ప్రశ్నే ఇది. దీనికి జవాబు వెతుక్కోవడానికి ఏ బెంగళూరో హైదరాబాదో వెళ్లనక్కర్లేదు. కర్నూలు జిల్లా పడమటి అంచున ఆదోని, పెద్దకడుబూరు, ఎమ్మిగనూరు చూసొస్తే చాలు. ఒకటి పత్తి అమ్మే ఊరు. ఇంకొకటి పండించే ఊరు. మరొకటి బట్ట నేసే ఊరు. మూడూ దగ్గర దగ్గరే అయినా, సొంత కాళ్లమీద నిలబడటమంటే ఏమిటో మాత్రం మూడు రకాలుగా చెబుతాయి.

ఆదోనిలో తెల్లవారిందంటే వీధి వీధినా ఉగ్గాని తయారవుతుంటుంది. బొరుగుల్ని నీళ్లలో తడిపి, పిండి, ఉల్లిపాయలు, పచ్చిమిర్చి, పసుపు వేసిన తాలింపులో కలిపి, పైన పుట్నాల పొడి చల్లుతారు. పక్కన వేడివేడి మిరపకాయ బజ్జీ తప్పనిసరి. కర్నూలు, అనంతపురం, బళ్లారి వైపు వాళ్లకు ఇది లేనిదే పొద్దు పొడవదు.

ఈ వ్యాపారానికి కావలసిందల్లా ఒక తోపుడు బండి, ఒక పొయ్యి, ఒక బాణలి, ఒక మూట బొరుగులు. చీకటితోనే లేచి, పదింటికల్లా గిన్నె ఖాళీ చేసుకుని ఇంటికి వెళ్లిపోతారు. వాళ్లలో ఎవరూ తమను తాము పారిశ్రామికవేత్తలమని చెప్పుకోరు. కానీ సరుకు కొనడం, ధర కట్టడం, మిగలకుండా అమ్ముకోవడం, మిగిలితే ఆ నష్టాన్ని మోయడం... వ్యాపారమంటే ఈ నాలుగు పనులే. వాటిని రోజూ చేస్తారు. మొదటి మూడింటి గురించి పుస్తకాలు చాలానే వచ్చాయి. నాలుగోదాని గురించి తెలుసుకోవాలంటే మాత్రం ఈ ప్రాంతాన్ని చూడాలి.

రెండో ముంబయి

ఆదోనికి 'రెండో ముంబయి' అని పేరు. విజయనగర రాజుల కాలంలో ఇక్కడి కొండమీది కోట ఎంతో కీలకం. తర్వాత బీజాపూరు సుల్తానుల తరఫున ఏలిన సిద్ది మసూద్ ఖాన్ కట్టించిన జామియా మసీదు నేటికీ ఊరికి అందం. 1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి అప్పగించాడు. 1871లో మద్రాసు వైపు నుంచి వచ్చిన రైలు మార్గం, బొంబాయి వైపు నుంచి వచ్చిన మార్గం రాయచూరు దగ్గర కలుసుకున్నాయి. ఆదోని ఆ దారిలోనే ఉంది. చుట్టూ నల్లరేగడి నేలలు, ఊళ్లోకి రైలు... పత్తి వ్యాపారానికి ఇంతకన్నా ఏం కావాలి?

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా ఆదోని తాలూకా బళ్లారి జిల్లాలో ఉండేది. అందుకే ఇక్కడి బజారులో తెలుగు, కన్నడం, ఉర్దూ మూడూ వినిపిస్తాయి. ఒకే మనిషి బేరం ఒక భాషలో మొదలెట్టి ఇంకో భాషలో ముగించడం మామూలే.

సీజనులో మార్కెట్ యార్డు చూడాల్సిందే. రైతులు తెచ్చిన పత్తిని లాట్లుగా పోస్తారు. వ్యాపారులు గుప్పెడు తీసి, పింజ లాగి చూసి, తేమ అంచనా వేసి ధర రాస్తారు. తూకం అయ్యాక పత్తి జిన్నింగ్ మిల్లుకు చేరుతుంది. అక్కడ గింజ వేరు, దూది వేరు అవుతాయి. వంద కిలోల పత్తిలో దూది 33, 34 కిలోలకు మించదు. మిగతాదంతా దాదాపు గింజే. గింజ నుంచి నూనె తీస్తారు, మిగిలిన చెక్క పశువుల దాణాకు పోతుంది. దూదిని ప్రెస్సులో అదిమి బేళ్లు కడతారు. ఒక్కో బేలు 170 కిలోలు. అంటే సుమారు అయిదు క్వింటాళ్ల పత్తి కలిస్తే ఒక బేలు.

ఇంతమంది చేతులు మారే ఈ దారిలో నష్టం ఎవరిది? కమీషన్ ఏజెంటుకు ధర ఎంతయినా తన కమీషన్ ఉంటుంది. హమాలీకి బస్తా లెక్కన కూలి ఉంటుంది. మిల్లు యజమానికి కష్టాలు లేవని కాదు... ధర పడిపోయినప్పుడు సరుకు గోదాములో ఉంటే అతనూ మునుగుతాడు. కానీ అతను ఒక రోజు కొనడం మానుకోగలడు, దూదిని నాలుగు చోట్లకు అమ్ముకోగలడు. బండి కట్టుకుని యార్డుకు వచ్చిన రైతు మాత్రం పత్తిని వెనక్కి తీసుకుపోలేడు. పోతే రానూపోనూ బాడుగ కూడా మీద పడుతుంది.

2022లో పత్తి క్వింటాలు పదివేలు దాటి పలికింది. ఆ మాట విని మర్నాటి ఏడాది ఆశతో ఎక్కువ ఎకరాల్లో గింజ వేసిన వాళ్లకు అదే ధర మళ్లీ దొరకలేదు. 2025-26కి పొడుగు పింజ పత్తికి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర 8,110 రూపాయలు. అదే 2025 ఆగస్టులో విదేశీ పత్తిమీద 11 శాతం దిగుమతి సుంకాన్ని ఎత్తేశారు. ఆ వెసులుబాటును డిసెంబరు చివరిదాకా పొడిగించారు. మిల్లులకు ఊరట... రైతుకు గుబులు! ఎక్కడో ఢిల్లీలో తీసుకున్న నిర్ణయం ఇక్కడి గుప్పెడు దూది ధరను కదిలిస్తుంది.

ఏటా జూన్‌లో ఒక స్టార్టప్

ఆదోని, ఎమ్మిగనూరు పట్నాలకు మధ్యన ఉండే మండల కేంద్రం పెద్దకడుబూరు. మంత్రాలయం అసెంబ్లీ నియోజకవర్గంలోకి వస్తుంది. చిన్నతుంబళం, కంబదహాల్, నౌలేకల్, దొడ్డిమేకల, హెచ్.మురవణి... ఊళ్ల పేర్లలోనే కన్నడ సీమ వాసన తెలిసిపోతుంది. పత్తి, మిరప, ఉల్లి, కంది, జొన్న పండే నేల. ఆకాశం కరుణిస్తే బంగారం, లేదంటే నెర్రెలు.

నీటికి పెద్ద దిక్కు తుంగభద్ర దిగువ కాలువ. కర్నూలు పడమటి మండలాలకు ప్రాణం లాంటిది. హోస్పేట దగ్గరి జలాశయం నుంచి బయల్దేరి, కర్ణాటక పొలాలు దాటుకుంటూ ఇక్కడికి వచ్చేసరికి నీరు సన్నబడుతుంది. చివరి భూముల రైతుకు ఎప్పుడూ ఎదురుచూపే. 2024 ఆగస్టు 10 రాత్రి ఆ జలాశయం 19వ నంబరు గేటు కొట్టుకుపోయినప్పుడు ఈ ఊళ్లలో చాలామందికి కంటిమీద కునుకు లేదు. నిపుణుడు కన్నయ్యనాయుడు మార్గదర్శకత్వంలో వారం రోజుల్లో తాత్కాలిక గేటు అమర్చి నీటిని ఆపగలిగారు. వందల కిలోమీటర్ల కాలువకు ఆ చివర ఒక గొలుసు తెగితే ఈ చివర ఒక ఇంటి లెక్క తప్పుతుంది.

ఆ లెక్క ఏమిటో చూద్దాం. ఏటా జూన్‌లో పెద్దకడుబూరు రైతు విత్తనం, ఎరువు, సేద్యపు ఖర్చుకు పెట్టుబడి వెతుక్కుంటాడు. సొంత పొలం చాలకపోతే కౌలు. బ్యాంకు అప్పు చాలకపోతే బయట అప్పు. పల్లెల్లో వడ్డీని నెలకు వందకు రెండు రూపాయలని చెప్పుకుంటారు. వినడానికి చిన్నగా ఉంటుంది. ఏడాదికి లెక్కేస్తే 24 శాతం. కొత్త కంపెనీకి పెట్టుబడి పెట్టేవాళ్లు అది మునిగితే తమ డబ్బు పోయిందని రాసుకుంటారు. రైతుకు అప్పిచ్చినవాళ్లు అలా రాసుకోరు. పంట మునిగినా అప్పు తేలుతూనే ఉంటుంది.

వాన రాకపోవచ్చు. గులాబీరంగు పురుగు రావచ్చు. అన్నీ బాగుండి పంట ఇంటికొస్తే ధర ఉండకపోవచ్చు. ఉల్లి రైతులకు 2025లో జరిగింది అదే. కర్నూలు మార్కెట్లో ధర కుప్పకూలి, ప్రభుత్వమే రంగంలోకి దిగి క్వింటాలు 1,200 రూపాయలకు కొనాల్సి వచ్చింది. ఇన్ని ప్రమాదాలున్న పనిని ఏటా మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టేవాడిని మనం రైతు అంటాం. నిజానికి అతనికంటే సాహసం చేసే వ్యాపారి ఎవరున్నారు? కాకపోతే అతని సాహసానికి బీమా అంటూ ఉంటే అది ఇంటిల్లిపాది ఒంటి కష్టమే.

సుగ్గి బండి ఎక్కితే...

ఆ ఒంటి కష్టానికి ఇక్కడ ఒక పేరుంది... 'సుగ్గి'. కన్నడంలో సుగ్గి అంటే పంట కోతల కాలం, పండగ కాలం. ఈ పడమటి పల్లెల్లో మాత్రం 'సుగ్గికి పోయినారు' అంటే వలస వెళ్లారని అర్థం. సొంత పంట దెబ్బతింటే, లేదా ఖరీఫ్ పనులు అయిపోయాక ఊళ్లో పని దొరక్కపోతే, మూటాముల్లె సర్దుకుని గుంటూరు, పల్నాడు వైపు పత్తి తీయడానికి, మిరపకాయలు కోయడానికి వెళ్తారు. కొందరు తెలంగాణకు, ఇంకొందరు బెంగళూరులో కట్టడాల పనికి. బియ్యం, జొన్నపిండి, వంటపాత్రలు, పిల్లలు... అన్నీ ఒకే బండిలో.

ఊళ్లో ముసలివాళ్లు మిగులుతారు. కొన్ని ఇళ్లకు తాళాలే మిగులుతాయి. బడి నడుస్తుండగానే బండెక్కిన పిల్లలు మళ్లీ వేసవికి గానీ రారు. అందుకే వలస వెళ్లే కుటుంబాల పిల్లలకోసం సీజనల్ హాస్టళ్లు తెరుస్తుంటారు. అమ్మానాన్నలు వెళ్లినా పిల్లలు ఊళ్లోనే తిని, పడుకుని, బడికి వెళ్లాలన్నది ఆలోచన. చంటిపిల్లను చూసుకోవడానికి పెద్దమ్మాయిని వెంట తీసుకుపోవాల్సిన ఇంటికి మాత్రం ఆ ఏర్పాటూ చాలదు. అప్పు తీర్చడానికి నాన్న చేతులతోపాటు ఆ పిల్ల చదువూ ఖర్చయిపోతుంది.

వ్యాపారంలో నష్టం అనే మాటకు పెద్దకడుబూరు చెప్పే అర్థం ఇది. కాగితం మీద ఎర్ర సిరాతో రాసే అంకె కాదది. ఒక అమ్మాయి ఏడో తరగతి. మరి ఆ బరువును ఒక్క ఇల్లే మోయాలా? నలుగురూ పంచుకునే దారి లేదా? దీనికి పక్క ఊళ్లోనే, 1938లోనే ఒక జవాబు దొరికింది.

సోమప్ప చేసిన పని

ఎమ్మిగనూరు నడిబొడ్డున సోమప్ప సర్కిల్ ఉంది. బస్సెక్కేవాళ్లకు అదొక గుర్తు. ఆ పేరు మాచాని సోమప్పది. 1938లో ఆయన ఎమ్మిగనూరు చేనేత కార్మికుల సహకార ఉత్పత్తి, విక్రయ సంఘాన్ని స్థాపించారు. జనం నోట్లో అది వైడబ్ల్యూసీఎస్. 1954లో పద్మ పురస్కారాలు మొదలైన ఏడాదే కేంద్ర ప్రభుత్వం ఆయనకు పద్మశ్రీ ఇచ్చింది. ఢిల్లీ పేరు వినడమే తప్ప చూసినవాళ్లు అరుదైన రోజుల్లో, రైలు కూడా లేని ఊరికి దక్కిన గౌరవమది.

అంత గొప్ప పనేమిటి? అప్పటి నేతగాడి పరిస్థితి తెలిస్తే అర్థమవుతుంది. ఇంట్లో గుంట మగ్గం ఉంటుంది. పనితనం ఉంటుంది. పడుగు సాగదీయడానికి, కండెలు చుట్టడానికి ఇంటిల్లిపాదీ ఉంటారు. లేనిది నూలు కొనడానికి డబ్బు. దానికోసం షావుకారు దగ్గరకు వెళ్లాలి. నూలు ధర అతనే కడతాడు. నేసిన బట్ట అతనికే ఇవ్వాలి. దాని ధరా అతనే కడతాడు. పండగకో పెళ్లికో తీసుకున్న బయానా ఖాతాలో పెరుగుతూనే ఉంటుంది. బట్ట అమ్ముడుపోకపోతే మగ్గం ఆగిపోతుంది. పస్తు నేతగాడిది.

సహకార సంఘం ఈ లెక్కను తిరగరాస్తుంది. నేతగాళ్లే వాటాదారులు. అందరి తరఫునా సంఘం ఒకేసారి చిలప నూలు కొంటుంది కాబట్టి ధర తగ్గుతుంది. ఆ నూలును సభ్యులకు ఇస్తుంది, నేసిన బట్టను తీసుకుని మజూరీ చెల్లిస్తుంది. అమ్మే బాధ్యత సంఘానిది. బట్ట నిలవ ఉండిపోతే ఆ భారం ఒక్క ఇంటి మీద పడదు, అందరి మీదా కొంచెం కొంచెం పడుతుంది. లాభం వస్తే అది కూడా అంతే. సభ్యుడి కూలిలోంచి కొంత, సంఘం వాటాగా కొంత కలిపి పొదుపు నిధి పెంచుకునే వీలూ ఉంటుంది.

మద్రాసు రాష్ట్రంలో అప్పటికి ఈ ఆలోచన కొత్తదేం కాదు. రాష్ట్ర స్థాయి చేనేత సహకార సంఘం, ఇప్పటి కోఆప్టెక్స్, 1935లోనే మొదలైంది. సోమప్ప చేసిందల్లా ఎక్కడో రాజధానిలో ఉన్న ఆలోచనను కరవు సీమలోని తన ఊరికి తెచ్చి, నిలబెట్టి చూపించడం. వెంటనే రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. దేశమంతా నూలు కరవు, కంట్రోళ్లు. అలాంటి కాలాన్ని దాటుకుని సంఘం నిలిచింది. ఎమ్మిగనూరు దుప్పట్లు, తువ్వాళ్లు ఊరి పేరును దూరదూరాలకు మోసుకెళ్లాయి. నేతగాళ్లకోసం ఏకంగా ఒక కాలనీ వెలిసింది. మగ్గం ఆడుతుంటే కడుపు నిండుతుంది. సొంత గోడలుంటే మనిషికి వెన్ను నిలబడుతుంది.

ఈ రోజుల్లో సోమప్ప ఉంటే ఏ స్టార్టప్ సభలోనో వేదికెక్కించి, 'మీ కంపెనీ విలువెంత' అని అడిగేవాళ్లేమో! ఆయన కట్టినదానికి అలాంటి విలువ కట్టడం కుదరదు. దాని వాటాలు నేతగాళ్ల ఇళ్లలో ఉన్నాయి.

చెల్లని పాట కాదు... చెల్లని ధర

అలాగని ఎమ్మిగనూరులో ఇప్పుడూ అంతా మగ్గాల మోతే అనుకుంటే పొరపాటే. మరమగ్గాలు, మిల్లు బట్ట వచ్చాక చేతి మగ్గానికి గడ్డురోజులు మొదలయ్యాయి. చేనేతకు కొన్ని రకాలను ప్రత్యేకించాలని 1985లో చట్టం వచ్చినా, మరమగ్గం మీద నేసిన బట్టను చేనేత పేరుతో అమ్మేవాళ్లు ఆగలేదు. 2009-10 గణనలో దేశంలో చేనేత, అనుబంధ పనివాళ్లు 43.31 లక్షలు. 2019-20 నాటికి 35.22 లక్షలు. ఎమ్మిగనూరూ దీనికి మినహాయింపు కాదు. సంఘం పాత వైభవం తగ్గింది. నేతగాళ్ల పిల్లలు ఎందరో వేరే పనుల్లో కుదురుకున్నారు.

ఇంకో చిత్రం చూడండి. పత్తి పండేది పెద్దకడుబూరు చుట్టుపక్కల. గింజ వేరయ్యేది ఆదోనిలో. మగ్గం ఉన్నది ఎమ్మిగనూరులో. కానీ ఆదోని బేళ్లలో ఎక్కువ భాగం దూరప్రాంతాల స్పిన్నింగ్ మిల్లులకు వెళ్లిపోతాయి. మగ్గానికి కావలసిన నూలు మళ్లీ బయటి నుంచి రావాలి. పక్కింటి పాలు పట్నం వెళ్లి ప్యాకెట్లో తిరిగొచ్చినట్టు! దూదిని నూలుగా మార్చే ఆ నడిమి మెట్టులోనే చాలా ఉద్యోగాలు, చాలా విలువ ఉన్నాయి.

సహకారమైనా సరే కాలంతో మారకపోతే నిలబడదన్నది ఎమ్మిగనూరు చెప్పే రెండో పాఠం. నష్టాన్ని పంచుకోవడం ఒక్కటే చాలదు. కొనేవాడు రేపు ఏం అడుగుతాడో కూడా చూసుకోవాలి. అయినా మొదటి పాఠం చెరిగిపోదు. ఒక తరం నేతగాళ్లు షావుకారు ఖాతాలోంచి బయటపడ్డారు. తర్వాతి తరం మగ్గం వదిలినా, చదువుకుని వదిలింది.

ఉద్యోగమా... సొంత పనా?

ఇప్పుడు మళ్లీ భోజనాల దగ్గరి ప్రశ్నకు వద్దాం. ఈ ప్రాంతపు పిల్లలు ఇంజినీరింగ్ చదివి బెంగళూరు వెళ్తున్నారు. నాన్న కట్టడం పనికి వెళ్లిన నగరానికే కొడుకు కంప్యూటరు పనికి వెళ్తున్నాడు. ఆ ఉద్యోగం ఇంటికి పెద్ద అండ. అది వదిలి 'సొంతంగా ఏదో ఒకటి పెడతా' అంటే ఇంట్లో గొడవ మొదలవుతుంది. 'యేమప్పా, బుద్ధుండే మాట్లాడుతున్నావా?' అన్న పెద్దల మాటలో కోపం కన్నా భయం ఎక్కువ. ఏటా పంటతో జూదమాడి అలిసిపోయిన మనుషులు వాళ్లు. పిల్లలు మళ్లీ అదే ఆటకు దిగుతామంటే గుండె ఝల్లుమనదా?

పిల్లల వైపూ న్యాయముంది. 2016 జనవరి 16న స్టార్టప్ ఇండియా మొదలయ్యాక కొత్త కంపెనీ పెట్టడమన్నది పరువైన మాటయింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025 ఆగస్టులో అమరావతిలో రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్‌ను ప్రారంభించి, ఇంటికో పారిశ్రామికవేత్త కావాలంది. అనంతపురంలోనూ దాని కేంద్రం ఉంది.

తెలుగునాట ఎక్కువగా చెప్పుకునే స్టార్టప్ కథ ఫణీంద్ర సామాది. నిజామాబాద్ జిల్లా నుంచి వచ్చి బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న ఆయనకు 2005 దీపావళికి ఊరెళ్లడానికి బస్సు టికెట్ దొరకలేదు. ఎక్కడో ఒక బస్సులో సీటు ఖాళీగానే ఉండి ఉంటుంది... తెలిసే దారి లేదు. ఆ చిక్కును విప్పడానికి మిత్రులు సుధాకర్ పసుపునూరి, చరణ్ పద్మరాజులతో కలిసి 2006లో రెడ్‌బస్ మొదలుపెట్టారు. 2013లో దాన్ని ఐబిబో గ్రూపు కొనేసింది. తర్వాత ఫణీంద్ర తెలంగాణ ప్రభుత్వ ముఖ్య ఇన్నోవేషన్ అధికారిగా పనిచేశారు.

సోమప్పకూ ఫణీంద్రకూ మధ్య దాదాపు ఏడు దశాబ్దాల దూరం. ఒకరిది నూలు, ఒకరిది సాఫ్ట్‌వేర్. కానీ ఇద్దరూ మొదలుపెట్టింది తమ కళ్లెదుట ఉన్న చిక్కుతోనే. డబ్బు ఎక్కడుందో వెతుక్కుంటూ వెళ్లలేదు, ఇబ్బంది ఎక్కడుందో చూశారు. ఒంటరిగానూ మొదలుపెట్టలేదు.

'ఒకరి కింద పనిచేయనక్కర్లేదు' అన్న మోజుతో వ్యాపారంలోకి దిగేవాళ్లకు మొదటి ఏడాదిలోనే నిజం తెలుస్తుంది. ఒక్క బాసు పోయి పదిమంది వస్తారు... సరుకిచ్చేవాడు, కొనేవాడు, బ్యాంకు మేనేజరు, అద్దె ఇంటి యజమాని. పండగ పూటా సెలవుండదు. అమ్మ గాజులు బ్యాంకు లాకరులోంచి తాకట్టు కౌంటరుకు మారతాయి. ఇన్ని పడ్డా కొందరు సంతోషంగా ఉంటారు. ఆ తృప్తి డబ్బుతో మాత్రమే వచ్చేది కాదు. 'నా వల్ల నాలుగిళ్లలో పొయ్యి వెలుగుతోంది' అనుకోగలిగినవాడికి అలసట తెలియదు.

కాబట్టి అడుగు వేసేముందు మూడు ఊళ్లూ తలచుకుని మూడు ప్రశ్నలు వేసుకోవాలి. ఆదోని అడిగే ప్రశ్న... ధర పడిపోతే ఒకరోజు అమ్మకుండా ఆగగలవా? పెద్దకడుబూరు అడిగేది... నష్టమొస్తే అది ఎవరి చదువును, ఎవరి పొలాన్ని తింటుంది? ఎమ్మిగనూరు అడిగేది... లాభమొస్తే అది ఎన్ని గడపలు దాటుతుంది? మూడింటికీ ఇంట్లోవాళ్ల ముందు జవాబు చెప్పగలిగితే ధైర్యంగా మొదలుపెట్టొచ్చు. చెప్పలేకపోతే ఉద్యోగంలో ఉంటూనే మరో ఏడాది ఆగడం పిరికితనం కాదు.

ఊళ్లోనే ఉండి చేయాలంటే...

పెట్టుబడికి వందకు రెండు రూపాయల వడ్డీయే గతి కాదు. 2015 ఏప్రిల్ 8న మొదలైన ముద్ర పథకం చిన్న వ్యాపారాలకు తాకట్టు లేని అప్పు కోసం పెట్టింది. శిశులో 50 వేలు, కిశోర్‌లో 5 లక్షలు, తరుణ్‌లో 10 లక్షల దాకా. తరుణ్ అప్పు సక్రమంగా తీర్చినవాళ్లకు 2024లో పరిమితిని 20 లక్షలు చేశారు. ఉగ్గాని బండికీ, రొట్టెల కేంద్రానికీ మొదటి మెట్టు చాలు.

ఒంటరిగా కాకుండా కలిసి చేయాలనుకునే రైతులకు ఉత్పత్తిదారుల సంఘాలున్నాయి. 2020లో కేంద్రం పదివేల సంఘాలను లక్ష్యంగా పెట్టుకుంది. 2025 ఫిబ్రవరిలో ఆ పదివేలోది మొదలైంది. సభ్యులు పెట్టిన వాటాకు సమానంగా, ఒక్కొక్కరికి రెండు వేల రూపాయలకు మించకుండా, సంఘానికి 15 లక్షల దాకా కేంద్రం కలుపుతుంది. మేనేజరు జీతం వంటి ఖర్చులకు మూడేళ్లలో 18 లక్షల దాకా ఇస్తుంది. చూస్తే 1938లో నేతగాళ్ల కోసం చేసిన ఏర్పాటే... ఈసారి నూలుకు బదులు విత్తనం, మగ్గానికి బదులు మడి. సరిగ్గా నడిపితే విత్తనం టోకున కొనొచ్చు, మిరపకాయల్ని తొడిమ తీసి, గ్రేడు చేసి అమ్మొచ్చు. ధర లేని రోజు గోదాములో దాచి ఆగొచ్చు. రైతు చేతిలో లేనిది ఆ ఆగే శక్తే కదా!

కలిసి నిలబడటం ఈ జిల్లా ఆడవాళ్లకు కొత్తేమీ కాదు. కర్నూలు దగ్గరి ఓర్వకల్లులో 1990ల్లో యూఎన్‌డీపీ సాయంతో మొదలైన పొదుపు సంఘాలు, రోజుకో రూపాయి దాచుకునే ఆడవాళ్లను బ్యాంకులు పిలిచి అప్పిచ్చే స్థాయికి తెచ్చాయి. చూసి నేర్చుకోవడానికి ఎక్కడెక్కడి నుంచో జనం వచ్చారు. సొంత జిల్లా పడమటి అంచుకు ఆ పాఠం ఇంకా పూర్తిగా చేరాల్సి ఉంది.

ఏటా పుష్య పౌర్ణమికి ఎమ్మిగనూరులో నీలకంఠేశ్వరస్వామి జాతర జరుగుతుంది. తేరు లాగుతారు. పెద్ద పశువుల సంత జరుగుతుంది. గాజుల అంగళ్ల నుంచి రంగులరాట్నాల దాకా చిన్న వ్యాపారులందరికీ అది ఏడాదిలో పెద్ద సంపాదన. కానీ ఆ జనవరి నాటికి చుట్టుపక్కల పల్లెల్లో ఎన్నో కుటుంబాలు జాతర చూడకుండానే గుంటూరు మిరప చేలల్లో ఉంటాయి.

పెద్దకడుబూరు కుర్రాడో అమ్మాయో రేపు ఒక నూనె గానుగ పెట్టొచ్చు, దుప్పట్లను ఫోనులో అమ్మొచ్చు, యాభైమంది రైతుల్ని కూర్చోబెట్టి ఒక సంఘం కట్టొచ్చు. అది గెలిచిందా లేదా అన్నది చూడటానికి పెద్ద చార్టులు అక్కర్లేదు. దసరా వెళ్లాక ఊరి చివర సుగ్గి బండి ఆగినప్పుడు, నిరుటికన్నా ఒక్క కుటుంబం తక్కువ ఎక్కినా చాలు.